పదిమంది తరఫున ఒకరు: క్లాస్ యాక్షన్ దావాల కథ

2009 జనవరి 7, బుధవారం. హైదరాబాద్‌లోని సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ఛైర్మన్ బి. రామలింగరాజు తన డైరెక్టర్ల బోర్డుకు రాసిన లేఖ స్టాక్ ఎక్స్ఛేంజీలకు చేరింది. కంపెనీ లెక్కల్లో ఏళ్ల తరబడి చూపిస్తూ వచ్చిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనే లేవని ఆ లేఖలో ఆయనే ఒప్పుకున్నారు. ముందురోజు 179 రూపాయల దగ్గర ముగిసిన షేరు ఆ సాయంత్రానికి 40 రూపాయలకు వచ్చి పడింది. తెలుగువాడు పెట్టిన కంపెనీ అన్న అభిమానంతో కొని, పిల్లల చదువులకో పెళ్లిళ్లకో అక్కరకొస్తాయని అమ్మకుండా ఉంచుకున్నవాళ్ల పొదుపులో ముప్పాతిక భాగానికి పైగా ఒక్క పూటలో పోయింది.

సత్యంలో వాటాలున్నవాళ్లు రెండు రకాలు. ఒకరు బొంబాయి, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజీల్లో మామూలు షేర్లు కొన్నవాళ్లు. రెండోవారు 2001 నుంచి న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో ఆ కంపెనీ ఏడీఆర్‌లు కొన్నవాళ్లు. ఏడీఆర్ అంటే విదేశీ కంపెనీ షేర్లను ఒక బ్యాంకు తన దగ్గర ఉంచుకుని, వాటికి బదులుగా అమెరికా మార్కెట్లో జారీ చేసే రసీదు. కంపెనీ ఒకటే, దొంగ లెక్కలూ అవే, నష్టం బయటపడిన రోజూ అదే. ఆ తర్వాత మాత్రం ఇద్దరి దారులు వేరయ్యాయి.

లేఖ బయటపడిన ఒకటి రెండు రోజుల్లోనే అమెరికా కోర్టుల్లో దావాలు పడ్డాయి. వాటన్నిటినీ కలిపి న్యూయార్క్ దక్షిణ జిల్లా ఫెడరల్ కోర్టులో జడ్జి బార్బరా జోన్స్ ముందు పెట్టారు. మిసిసిపీ రాష్ట్ర ప్రభుత్వోద్యోగుల పింఛను నిధి, బ్రిటన్ గని కార్మికుల పింఛను పథకం, నార్వే, డెన్మార్క్ దేశాలకు చెందిన రెండు ఆర్థిక సంస్థలు ముఖ్య వాదులుగా నిలిచాయి. ఏడీఆర్‌లు కొన్న వేలాది మందిలో చాలామంది కోర్టు గడప తొక్కలేదు, వకీలును పెట్టుకోలేదు, పైసా ఖర్చు చేయలేదు. 2011లో రాజీ కుదిరింది. అప్పటికి మహీంద్రా సత్యంగా మారిన కంపెనీ 12.5 కోట్ల డాలర్లు, ఆడిట్ చేసిన ప్రైస్ వాటర్‌హౌస్ సంస్థలు 2.55 కోట్ల డాలర్లు చెల్లించాయి.

మన దేశంలో మదుపరుల తరఫున మైడస్ టచ్ ఇన్వెస్టర్స్ అసోసియేషన్ అనే సంఘం ముందుకొచ్చింది. సుమారు 3 లక్షల మంది వాటాదారులకు 4,987 కోట్ల రూపాయల పైచిలుకు పరిహారం ఇప్పించమని జాతీయ వినియోగదారుల కమిషన్‌ను అడిగింది. కమిషన్ వినలేమంది. సుప్రీంకోర్టూ 2009లోనే ఆ మొర తోసిపుచ్చింది. తర్వాత సీబీఐ కేసు నడిచింది, 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుతో పాటు మొత్తం పదిమందికి ఏడేళ్ల శిక్ష వేసింది, నెల తిరిగేసరికి పై కోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది. సెబీ నిషేధాలూ వసూళ్ల ఉత్తర్వులూ ఇచ్చింది. ఇవన్నీ తప్పు చేసినవాళ్లను శిక్షించడానికి సంబంధించినవి. షేరు కొని నష్టపోయిన మనిషి చేతికి ఆ నష్టం తిరిగి వచ్చే దారి వీటిలో ఏదీ చూపలేదు.

ఇందులో మనసును మరింత కలచివేసేది ఇంకొకటుంది. అమెరికా మదుపరులకు ఆ 12.5 కోట్ల డాలర్లు చెల్లించింది కంపెనీ. కంపెనీ సొమ్మంటే దాని వాటాదారుల సొమ్ము. అంటే నష్టపోయి కూడా షేర్లు అమ్ముకోకుండా అట్టేపెట్టుకున్న హైదరాబాద్, విజయవాడ మదుపరి, న్యూయార్క్ మదుపరికి ఇచ్చిన పరిహారంలో తన వంతు తాను భరించాడు. అతనికి మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు. ఒక దేశానికి ఒక చట్టపు పనిముట్టు ఉండి మరో దేశానికి లేకపోతే జరిగేది ఇదే. ఆ పనిముట్టు పేరే క్లాస్ యాక్షన్. ఒకే రకంగా నష్టపోయిన వందలు, వేలు, లక్షల మంది తరఫున ఒకరో కొందరో దావా వేస్తారు. గెలిచినా ఓడినా ఆ తీర్పు అందరికీ వర్తిస్తుంది.

ఇదేదో అమెరికా లాయర్లు ఈమధ్య కనిపెట్టిన సంగతి అనుకుంటారు చాలామంది. దీని మూలాలు ఇంగ్లండ్ పల్లెల్లో ఉన్నాయి. సుమారు 1199లో బార్క్‌వే అనే ఊరి మతగురువు మార్టిన్, తనకు రావలసిన కానుకల విషయంలో పక్కనే ఉన్న నుథాంప్‌స్టెడ్ ఊరివాళ్ల మీద చర్చి న్యాయస్థానానికెక్కాడు. ఆయన నిలదీసింది ఏ ఒక్కరినో కాదు, మొత్తం ఊరిని. కోర్టుకు వచ్చింది మాత్రం ఊరి తరఫున కొద్దిమందే. అలా కొందరే ఊరందరి మాటా ఎలా చెప్తారని అప్పట్లో ఎవరూ అడిగినట్టు లేదు. మధ్యయుగాల్లో మనిషి ఏదో ఒక ఊరికో, చర్చి పరిధికో, వృత్తి సంఘానికో చెందినవాడు. గుంపుకు ఒక గొంతు ఉండటం వాళ్లకు సహజంగా తోచింది.

ఆ ప్రశ్న లేచింది మనిషిని విడిగా, వ్యక్తిగా చూడటం మొదలైన కాలంలో. డెర్బీషైర్ సీసం గనుల దగ్గర జరిగిన తగాదా దానికి మంచి ఉదాహరణ. వర్క్స్‌వర్త్ చర్చి గురువు, గనుల్లోంచి తీసిన ఖనిజంలో పదో వంతు తనకు చెందుతుందని గని పనివాళ్ల మీద దావా వేశాడు. వాళ్లు తమ తరఫున నలుగురిని నియమించుకున్నారు. డిక్రీ గురువుకు అనుకూలంగా వచ్చింది. తర్వాత ఆ పదవిలోకి వచ్చిన బ్రౌన్, వెర్ముయిడెన్ అనే గని యజమానిని ఆ డిక్రీ ప్రకారం కట్టమన్నాడు. ఆ దావాలో నేను కక్షిదారును కాను, నన్నెలా కట్టమంటారని వెర్ముయిడెన్ ఎదురు తిరిగాడు. 1676లో చాన్సరీ కోర్టు ఆయన వాదన ఒప్పుకోలేదు. ప్రతి ఒక్కరూ ఇలాగే తప్పించుకుంటే ఇలాంటి తగాదాలకు అంతుండదంది.

కోర్టు చెప్పిన కారణంలో ఇంగితం ఉంది. వెర్ముయిడెన్ అడిగిన దానిలోనూ ఉంది. తాను ఎన్నుకోని మనిషి, తాను చూడని కోర్టులో, తన హక్కు మీద రాజీపడితే అది తనను ఎందుకు కట్టిపడేయాలి? క్లాస్ యాక్షన్ చరిత్ర మొత్తం ఈ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ సాగిన చరిత్రే. సంఖ్య ఎప్పుడూ పెద్ద సమస్య కాలేదు, లేనివాళ్ల మాట ఎవరు మాట్లాడతారన్నదే సమస్య అయింది.

అమెరికా ఈ పద్ధతిని ఇంగ్లండ్ నుంచి తెచ్చుకుని చాలాకాలం తటపటాయించింది. 1842లో సుప్రీంకోర్టు చేసిన నియమం ఒక చేత్తో ప్రాతినిధ్య దావాను ఒప్పుకుని, ఇంకో చేత్తో ఆ తీర్పు లేనివాళ్ల హక్కులకు భంగం కాదంది. అలాంటి తీర్పుతో ఎవరికి మాత్రం ఏం లాభం? బానిసత్వం మీద తగాదాతో మెథడిస్ట్ చర్చి రెండుగా చీలి, ప్రచురణ సంస్థ ఆస్తి కోసం ఉత్తర, దక్షిణాల పాస్టర్లు కోర్టుకెక్కినప్పుడు, 1853లో అదే సుప్రీంకోర్టు తన నియమాన్ని పక్కన పెట్టి తీర్పు అందరికీ వర్తిస్తుందని చెప్పవలసి వచ్చింది. 1938లో ఫెడరల్ కోర్టుల కొత్త నిబంధనల్లో 23వ నిబంధనగా ఈ విధానానికి స్థిరమైన చోటు దొరికింది.

రెండేళ్లకే వెర్ముయిడెన్ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పవలసిన కేసు షికాగో నుంచి వచ్చింది. ఆ నగరంలోని ఒక పేటలో ఇళ్లను నల్లజాతివాళ్లకు అమ్మకూడదని, అద్దెకు ఇవ్వకూడదని యజమానులు ఒప్పందం రాసుకున్నారు. నూటికి 95 వంతుల స్థలం యజమానులు సంతకం చేస్తేనే అది చెల్లుతుంది. నిజానికి అంతమంది చేయలేదు. అయినా అంతకుముందు జరిగిన ఒక దావాలో ఇరుపక్షాలూ అంతమందీ చేశారని ఒప్పేసుకున్నాయి, కోర్టు నమ్మింది, ఒప్పందం చెల్లుతుందని తీర్పిచ్చింది. 1937లో కార్ల్ హాన్స్‌బెరీ అనే నల్లజాతి వ్యాపారి అక్కడ ఇల్లు కొన్నాడు. పాత దావా యజమానులందరి తరఫునా వేసింది కాబట్టి, ఆయనకు ఇల్లు అమ్మిన మనిషికీ ఆయనకూ కూడా ఆ తీర్పు వర్తిస్తుందని ఇల్లు ఖాళీ చేయమన్నారు. 1940 నవంబరులో సుప్రీంకోర్టు కాదంది. ఒప్పందం అమలు కావాలనుకునేవాళ్లు, దాన్ని వద్దనుకునేవాళ్లకు ప్రతినిధులు కాలేరని తేల్చింది. ఎవరి ప్రయోజనం ఎటు ఉందో చూడకుండా అందరినీ ఒకే గాటన కట్టేయకూడదన్న సూత్రం అప్పటినుంచి ఈ చట్టానికి వెన్నెముక అయింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లల్లో ఒకరు లోరెయిన్ హాన్స్‌బెరీ, తర్వాత పేరుపొందిన నాటక రచయిత్రి.

1954 నాటి బ్రౌన్ కేసు, బడుల్లో జాతి వేర్పాటును కొట్టేసిన కేసు, క్లాస్ యాక్షనే. పౌరహక్కుల దావాలు వెల్లువెత్తుతున్న ఆ రోజుల్లో 23వ నిబంధనను తిరగరాశారు. 1966లో అమల్లోకి వచ్చిన ఆ మార్పుతోనే నేటి క్లాస్ యాక్షన్ పుట్టింది. అంతకుముందు డబ్బు కోసం వేసే దావాల్లో, చేరతానని ముందుకొచ్చినవాళ్లకే తీర్పు వర్తించేది. కొత్త నిబంధన దాన్ని తలకిందులు చేసింది. వద్దని చెప్పనివాళ్లంతా దావాలో ఉన్నట్టే. నష్టం తలా పది డాలర్లయితే ఎవరూ ముందుకు రారు, వద్దని ఉత్తరం రాసేవాళ్లూ అరుదు. అంటే ఒక్క మాట మార్చగానే దావాలోని మనుషుల సంఖ్య పదుల నుంచి లక్షలకు పెరిగింది. మోసం చేసే కంపెనీకి అంతవరకు ఉన్న ధీమా, చిన్న మొత్తాలకు ఎవరు కోర్టుకెక్కుతారులే అన్న ధీమా, పోయింది.

కానీ లేనివాళ్లను కట్టిపడేసే ముందు వాళ్లకు కబురు చెప్పాలి కదా. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజీలో వందకు తక్కువ షేర్లు కొనేవాళ్ల దగ్గర బ్రోకర్లు అదనపు రుసుం గుంజుతున్నారని ఐజెన్ అనే మదుపరి 1966లో వేసిన దావా ఇక్కడే ఇరుక్కుంది. ఆయన సొంత నష్టం 70 డాలర్లు. పేరూ చిరునామా దొరికే బాధితులు 22.5 లక్షల మంది. ప్రతి ఒక్కరికీ విడిగా నోటీసు పంపాల్సిందేనని, తపాలా ఖర్చు దావా వేసిన మనిషే పెట్టుకోవాలని 1974లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. డెబ్బై డాలర్ల కోసం లక్షల డాలర్ల తపాలా బిళ్లలు ఎవరు కొంటారు? దావా అక్కడితో ఆగిపోయింది. అప్పటినుంచి ఆ ఖర్చును లాయరు సంస్థలు మోయడం మామూలైంది. ఓడితే వాళ్లకు ఏమీ రాదు. గెలిస్తేనో రాజీ కుదిరితేనో వచ్చిన మొత్తంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా కోర్టు అనుమతితో తీసుకుంటారు.

ఈ వాటా మీద విమర్శలు చాలానే ఉన్నాయి, వాటిలో నిజమూ ఉంది. లాయర్లకు లక్షల డాలర్లూ, బాధితులకు తర్వాతి కొనుగోలు మీద తగ్గింపు కూపన్లూ దక్కిన రాజీలు ఎన్నో జరిగాయి. అందుకే 2005లో అమెరికా కాంగ్రెస్ కూపన్ రాజీల మీద ఆంక్షలు పెట్టింది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఆ వాటా లేకపోతే సత్యం మీద న్యూయార్క్‌లో దావా వేసేవాళ్లే లేరు. మన దేశంలో బార్ కౌన్సిల్ నిబంధనల ప్రకారం ఫలితంలో వాటా అడగడం న్యాయవాదికి నిషిద్ధం. వృత్తి గౌరవం కోసం పెట్టిన నియమమే, కాదనలేం. దానితోపాటు ఇంకొకటీ జరిగింది. పదివేల రూపాయలు పోగొట్టుకున్న మనిషి కోసం ముందుగా ఖర్చు పెట్టుకునే వకీలు ఇక్కడ లేకుండా పోయాడు. దావా విలువను బట్టి పెరిగే కోర్టు ఫీజు, ఏళ్ల తరబడి వాయిదాలు కలిపితే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

నిజానికి ఇండియాలో పదిమంది తరఫున ఒకరు దావా వేసే వీలు ఎన్నడో ఉంది. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1, రూల్ 8 అదే. కోర్టు అనుమతి తీసుకుని, అందరికీ నోటీసు ఇచ్చి, అవసరమైతే పత్రికలో ప్రకటన వేసి దావా నడపవచ్చు. ఇష్టమున్నవాళ్లు తమనూ కక్షిదారుగా చేర్చమని అడగవచ్చు. మిగతావాళ్లకు చెప్పకుండా రాజీ పడటానికి వీల్లేదు. డిక్రీ అందరికీ వర్తిస్తుంది. ఊరి చెరువు, గుడి మాన్యం, ఉమ్మడి దారి లాంటి తగాదాల్లో దీన్ని వాడుతూ వచ్చారు. 1976లో నిబంధనను కాస్త సడలించారు. మద్రాసు అశోక్‌నగర్‌లో తమిళనాడు హౌసింగ్ బోర్డు ఇళ్లు తీసుకున్నవాళ్లను అదనంగా కట్టమన్నప్పుడు, ఒక్కొక్కరి బాకీ వేరైనా ప్రశ్న ఒకటే కాబట్టి ఒకరు అందరి తరఫునా దావా వేయవచ్చని 1990లో సుప్రీంకోర్టు చెప్పింది. ఊళ్లకూ కాలనీలకూ సరిపోయిన ఈ నిబంధన, దేశమంతా చెదిరి ఉన్న 3 లక్షల మంది వాటాదారులకు సరిపోలేదు.

సత్యం కన్నా పాతికేళ్ల ముందే ఈ లోటు ఎంత పెద్దదో భోపాల్ చూపించింది. 1984 డిసెంబరు 2 అర్ధరాత్రి విషవాయువు వదిలిన యూనియన్ కార్బైడ్ మీద అమెరికా కోర్టుల్లో వందకు పైగా దావాలు పడ్డాయి. భారత ప్రభుత్వం 1985లో ఒక చట్టం చేసి, బాధితులందరి తరఫునా మాట్లాడే హక్కు తనదేనంది. 1986 మేలో న్యూయార్క్ జడ్జి జాన్ కీనన్ ఈ విచారణ ఇండియాలోనే జరగాలని ఆ దావాలను పంపేశారు. 1989 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టులో 47 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ మొత్తం చాలునో చాలదో చెప్పే అవకాశం బాధితులకు ఎవరూ ఇవ్వలేదు. అదే ఏడాది డిసెంబరులో ఆ చట్టం చెల్లుతుందని తీర్పిస్తూనే, రాజీకి ముందు బాధితుల మాట విని ఉండాల్సిందని సుప్రీంకోర్టు ఒప్పుకుంది. వినలేదు కనుక రాజీ చెల్లదని మాత్రం అనలేదు. అమెరికాలో ఇలాంటి రాజీని జడ్జి ఆమోదించే ముందు బహిరంగ విచారణ ఉంటుంది. నచ్చని బాధితుడు లేచి అభ్యంతరం చెప్పవచ్చు. ఆ ఒక్క మెట్టు భోపాల్‌కు లేకపోయింది. 1676లో వెర్ముయిడెన్ అడిగిన ప్రశ్నను ఇక్కడ ఊపిరితిత్తులు కాలిపోయినవాళ్లు అడగవలసి వచ్చింది.

జె.జె. ఇరానీ కమిటీ 2005లోనే కంపెనీల చట్టంలో క్లాస్ యాక్షన్ ఉండాలని సూచించింది. సత్యం కుప్పకూలాక ఆ సూచనకు బలం వచ్చింది. 2013 కంపెనీల చట్టంలో 245వ సెక్షన్‌గా చేరింది. అమల్లోకి వచ్చింది 2016 జూన్ 1న, జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్ పుట్టిన రోజున. డైరెక్టర్ల మీదే కాదు, ఆడిటర్ల మీద, ఆడిట్ సంస్థ మీద, సలహాదారుల మీద కూడా పరిహారం కోరవచ్చు. ట్రిబ్యునల్ ఒప్పుకుంటే బహిరంగ ప్రకటన వస్తుంది, ఒకే కారణం మీద వచ్చిన దరఖాస్తులను కలిపేస్తారు, ఉత్తర్వు అందరికీ వర్తిస్తుంది. బ్యాంకులను మాత్రం దీన్నుంచి మినహాయించారు.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లకు క్లాస్ యాక్షన్ చరిత్ర పాఠం కాదు, ఇంటికి వచ్చే ఉత్తరం. భారత్ నుంచి అమెరికా ప్రాజెక్టులకు పంపిన ఉద్యోగుల చేత, ప్రభుత్వం తిరిగిచ్చే ఆదాయపు పన్ను చెక్కులను టీసీఎస్ తనకు రాయించుకుంటోందని 2006లో కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో దావా పడింది. కంపెనీ తప్పు ఒప్పుకోలేదు. 2013లో 2.975 కోట్ల డాలర్లకు రాజీ కుదిరింది. 12 వేల మందికి పైగా ఉద్యోగులకు అది వర్తించింది. వీసా కంపెనీ చేతిలో ఉన్న మనిషి అదే కంపెనీ మీద ఒంటరిగా కోర్టుకు వెళ్లగలడా? క్లాస్ యాక్షన్ అవసరం ఎక్కడ తెలుస్తుందంటే ఇక్కడే.

అలాంటి నోటీసు చేతికి వస్తే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. మొదటిది, అందులో తన లావాదేవీ తేదీలు పడుతున్నాయా అని. సెక్యూరిటీస్ కేసుల్లో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా కొన్నవాళ్లే అర్హులు. ఏమీ చేయకపోతే దావాలో ఉన్నట్టే. అయితే ఉండటం వేరు, డబ్బు రావడం వేరు. చాలా రాజీల్లో గడువులోగా క్లెయిమ్ ఫారం పంపనివాళ్లకు పైసా రాదు, అదే విషయం మీద మళ్లీ దావా వేసే హక్కూ ఉండదు. చిత్తుకాగితం అనుకుని ఆ ఉత్తరం పారేసేవాళ్లు రెండు విధాలా నష్టపోతారు.

నష్టం చిన్నదైతే ఉండిపోవడమే మేలు. వేరే దారి ఎలాగూ లేదు. నష్టం పెద్దదైతే, ముఖ్యంగా ఒంటికి దెబ్బ తగిలి వైద్యఖర్చులు ఇంకా సాగుతుంటే, రాజీలో తలకింత అని పంచే సొమ్ముకు తలొగ్గకుండా గడువులోగా తప్పుకుని సొంత దావా వేసుకునే హక్కు ఉంది. వకీలు సలహా తీసుకోవలసింది ఆ ఘట్టంలోనే, రాజీ ఖాయమైపోయాక తీసుకున్నా ఉపయోగం ఉండదు. చాలా సందర్భాల్లో ముందే తొందరపడనవసరమూ లేదు. క్లాస్ యాక్షన్ దాఖలైన రోజు నుంచి దాని సభ్యులకు మామూలు కాలపరిమితి ఆగి ఉంటుందని 1974లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది, అయితే ఈ వెసులుబాటు అన్ని గడువులకూ వర్తించదు.

ఎంత వస్తుందన్న దాని మీద ఆశలు పెంచుకోకూడదు. 2017లో 14.7 కోట్ల మంది వివరాలు ఈక్విఫాక్స్ సంస్థ నుంచి దొంగల పాలయ్యాయి. 2019 రాజీలో తలా 125 డాలర్ల దాకా రావచ్చని వార్త పొక్కగానే జనం ఎగబడ్డారు. ఆ పద్దుకు కేటాయించింది 3.1 కోట్ల డాలర్లే. 125కు బదులు అందులో అతి కొద్ది భాగమే వస్తుందని కొద్దిరోజుల్లోనే అమెరికా వాణిజ్య కమిషన్ ప్రకటించవలసి వచ్చింది. అదే రాజీలో ఉచితంగా ఇస్తామన్న క్రెడిట్ నిఘా సేవ చాలామందికి అంతకన్నా విలువైనది. ఇంకొక జాగ్రత్త కూడా ముఖ్యం. అసలైన క్లాస్ యాక్షన్‌లో చేరడానికి ఎవరూ రుసుం అడగరు. ముందు ఇంత కట్టండి, తర్వాత అంత వస్తుంది అన్న ఈమెయిలు వస్తే అది మోసం.

ఇండియాలో సామాన్యుడికి ఎక్కువగా అక్కరకొచ్చేది వినియోగదారుల చట్టం. ఫ్లాట్లు సమయానికి ఇవ్వని బిల్డర్ మీద కొనుగోలుదారులు 2019 చట్టం 35వ సెక్షన్ కింద, కమిషన్ అనుమతితో, తమలాంటి అందరి తరఫునా ఫిర్యాదు చేయవచ్చు. ఇక్కడా ప్రాతినిధ్యం ప్రశ్న వదలదు. బెంగళూరులో 1,134 ఫ్లాట్ల ప్రాజెక్టులో 51 ఫ్లాట్లు కొన్న 91 మంది అందరి తరఫునా ఫిర్యాదు చేస్తే, మిగతావాళ్ల ప్రయోజనం కూడా ఒకటేనని చూపలేదంటూ సుప్రీంకోర్టు 2021 డిసెంబరులో దాన్ని క్లాస్ ఫిర్యాదుగా ఒప్పుకోలేదు. ఆ 91 మంది తమవరకు కలిసి పోరాడవచ్చంది. కాబట్టి పొరుగు ఫ్లాట్ల వాళ్లు సంతకం అడిగినప్పుడు, అందరికీ చెప్పిన గడువూ కోరుతున్న పరిహారమూ ఒకటేనా అని చూసుకుని చేరాలి. డబ్బు వెనక్కి కావాలనేవాళ్లనూ, ఇల్లే కావాలనేవాళ్లనూ ఒకే ఫిర్యాదులో కలిపితే మొదటి వాయిదాలోనే చిక్కు మొదలవుతుంది.

షేర్ల విషయంలో 245వ సెక్షన్ ఇంకా తొలి అడుగుల్లోనే ఉంది. జిందాల్ పాలీ ఫిల్మ్స్ కంపెనీ తన గ్రూపులోని పెట్టుబడులను కారుచౌకగా వదులుకుందంటూ చిన్న వాటాదారులు వేసిన దరఖాస్తును 2024లో దేశంలో తొలి క్లాస్ యాక్షన్‌గా పత్రికలు రాశాయి. అదే ఏడాది ఐసీఐసీఐ సెక్యూరిటీస్‌ను మార్కెట్ నుంచి తప్పించే పథకం మీద చిన్న మదుపరులు ముంబై ట్రిబ్యునల్‌కు వెళ్లారు. ఆగస్టులో ట్రిబ్యునల్ వాళ్ల అభ్యంతరాలను తోసిపుచ్చి పథకానికి ఆమోదం తెలిపింది. దరఖాస్తు పనికిమాలినదని ట్రిబ్యునల్ అనుకుంటే లక్ష రూపాయల దాకా ఖర్చులు కట్టిస్తుంది. ట్రిబ్యునల్ మంజూరు చేసినంత మేర న్యాయపోరాటం ఖర్చును ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్ నుంచి తిరిగి తీసుకోవచ్చు. ఆ తిరిగి రావడం ఎప్పుడో తర్వాత. ముందు పెట్టేది సొంత సొమ్మే.

245వ సెక్షన్ కింద దరఖాస్తుకు కావలసిన సంఖ్యను కూడా 2019 మేలో ఖరారు చేశారు. మొత్తం సభ్యుల్లో 5 శాతం మందో, నూరుగురో, ఏది తక్కువైతే అంతమంది. లేదా లిస్టైన కంపెనీలో 2 శాతం వాటా, లిస్టు కాని దానిలో 5 శాతం. లక్షల మంది వాటాదారులున్న కంపెనీలో 2 శాతం వాటా చిన్న మదుపరులకు అందని మాట, కాబట్టి వాళ్ల దారి ఆ నూరుగురే. వాళ్లను వెతుక్కోవాలంటే కంపెనీ సభ్యుల రిజిస్టరు చూడాలి. కంపెనీల చట్టం 94వ సెక్షన్ ఆ హక్కు ఇచ్చింది. 2022లో వచ్చిన సవరణ మాత్రం సభ్యుల చిరునామా, ఈమెయిలు, పాన్ వివరాలు రిజిస్టరు చూసేవాళ్లకు చూపకూడదంది. వ్యక్తిగత గోప్యతకు అది అవసరమే. కానీ దానివల్ల నల్గొండలోనో నెల్లూరులోనో ఉన్న మదుపరికి తనలాగే నష్టపోయినవాళ్ల పేర్లు దొరుకుతాయి, వాళ్లు ఎక్కడుంటారో దొరకదు. మదుపరుల సంఘాలే ఇప్పుడు ఆ వంతెన. వాటిలో సభ్యత్వం ఉన్నవాళ్లు మొత్తం వాటాదారుల్లో చాలా కొద్దిమంది.